తొంభై రెండు సెంటీమీటర్ల నీడ

కోరుట్లల రజని టీచర్ ఇల్లేది అని అడిగితే ఎవ్వరు చెప్పరు గని, ఆర్యభట్టు టీచర్ ఇల్లేది అంటే మూడో తరగతి పోరడు గూడ గడప దాక తోల్కపోతడు. ఆ పేరు పిలగాండ్లు పెట్టిందే. అది ఎంతదూరం పాకిందంటే, ఒకసారి పేరెంట్స్ మీటింగుకు అచ్చిన ఓ ముసలామె, ఆర్యభట్టంటే మీ పెనిమిటా బిడ్డా, దుబాయ్‌ల ఉంటడంట గదా, అని అడిగింది. స్టాఫ్ రూమ్‌ల ఉన్నోళ్లంత పొట్టలు పట్టుకొని నవ్విన్రు. రజని గూడ నవ్వింది. అప్పుడు నవ్వచ్చు. ఆమె మొగడు హన్మండ్లు దుబాయ్‌లనే ఉన్నడని ఆమెతోని సహా ఊరంత నమ్ముతున్న రోజులవి.

రజని పుట్టింది సిరిసిల్లల, సాంచెల సప్పుడు నడుమ. సాంచెలంటే కరెంటు మగ్గాలు. వాళ్ల నాయిన నర్సయ్య పొద్దుగాల ఆరుకు సాంచెల కాడికి పోతే మల్ల దీపాలు పెట్టినంకనే ఇంటికచ్చేటోడు. ఆ సప్పుడుకు చెవులు సగం పొయ్యి, మంచినీళ్లు అడిగినా కొట్లాటకు పోయినట్టే అడిగేటోడు. తల్లి బీడీలు చుట్టేది. తమ్ముడు వీరేందర్ తొమ్మిదిల బడి బంద్ జేసి సాంచెల మీద పడ్డడు. రజని మాత్రం సర్కారు బడిల, తెలుగు మీడియంల చదువుకుంట చదువుకుంట బీఎడ్ దాక పోయింది. సర్కారు టీచర్ పరీక్ష రెండుసార్లు రాసింది. రెండోసారి ఒకటిన్నర మార్కుతోని పోయింది. ఆ ముచ్చట ఎత్తితే ఇప్పటికి గూడ మాట మారుస్తది, చాయ్ పెట్టనా అంటది.

పెండ్లై కోరుట్లకు అచ్చిన కొత్తల ఆమెకు నిద్రనే పట్టకపొయ్యేది. సాంచెల సప్పుడు లేక. అత్త బాలమ్మ బీడీల చాట ఒళ్లె పెట్టుకొని వాడకట్టంత చెప్పుకునేది, అందరి కోడండ్లకు సప్పుడైతే నిద్రపట్టదు, మా కోడలికి సప్పుడు లేకపోతె పట్టదు, అని.

హన్మండ్లు పెండ్లినాటికి సిరిసిల్లలనే, మామ నర్సయ్య పక్క సాంచె నడిపేటోడు. సాంచెలు సల్లబడ్డంక దుబాయ్ పొయ్యి షట్టరింగ్ పని నేర్సిండు. స్లాబు పోసేముందు చెక్కలు బిగిస్తరు గద, ఆ పని. మనిషి మాటకారి గాదు. నవ్వినా సప్పుడు రాదు. గని కొలత అంటే పానం. మొదటిసారి దుబాయ్ నుంచి అచ్చినప్పుడు ఇంట్ల అల్మారికి తానే తలుపు పెట్టిండు, ఒక్క నూలు తేడా అచ్చిందని పీకి మల్ల పెట్టిండు, మల్ల పీకిండు. ఉన్న రెండు నెలల సెలవుల ఆ తలుపుకే నాలుగు రోజులు పోయినయి. ఇప్పుడు ఆ తలుపు సందుల కాయితం దూరదు.

బిడ్డ సుస్మిత ఏడో తరగతి, తల్లి పాఠం చెప్పే ప్రైవేటు బడిలనే. బడిల టీచర్ అనాలె, ఇంటికచ్చినంక అమ్మ అనాలె. క్లాసుల అందరు డాడీ అంటరు, సుస్మిత మాత్రం బాపు అనే అంటది. హన్మండ్లుకు అట్లంటెనే ఇష్టం.

ఇగ ఆర్యభట్టు ముచ్చట. ఏడో తరగతి పుస్తకంల ఆయన గురించి ఉన్నదే నాలుగు ముక్కలు. వేరే టీచర్లయితే అండర్‌లైన్ చేయించి ముందుకు పోతరు. రజనికి అట్ల చేతగాదు. పదిహేను వందల ఏండ్ల కింద, ఇరవై మూడేండ్ల పిలగాడు, దుర్బిణి లేదు ఏం లేదు, భూమే తిరుగుతున్నదని చెప్పిండు. అది పిలగాండ్లకు కండ్లార చూపియ్యకుంట ఎట్ల అంటది. పడవల పోతుంటే ఒడ్డు ఎనుకకు పోయినట్టు కొడ్తది, చుక్కలు పోయేది గూడ అట్లనే అని ఆయన అన్నడు. కోరుట్లల పడవ యాడికెళ్లి తేవాలె? కరస్పాండెంట్ సార్ రూమ్‌ల గిర్రున తిరిగే కుర్చీ ఉన్నది. సార్ బ్యాంకుకు పోయింది చూసి ఆ కుర్చీని క్లాసులకు గుంజుకచ్చి, ఒక్కొక్కన్ని కూసోబెట్టి తిప్పింది. గోడమీది పటాలు అటు ఉరుకుతున్నయి టీచర్ అని పోరగాండ్లు ఒకటే లొల్లి. ఎనిమిదో పిలగాడు తిరుగుతున్నప్పుడు సార్ అచ్చి తలుపుల నిలవడ్డడు. ఆ నెల జీతం ఇచ్చేటప్పుడు గూడ ఆ కుర్చీ ముచ్చట తీసిండు. కొత్త కుండ తెచ్చి, దానిమీద సుద్దతోని దేశాలు గీసి, టార్చి కొట్టి పగలు రాత్రి చూపిచ్చింది. టార్చికి కుండకు నడుమ బత్తాయి పండు పెట్టి గ్రహణం చూపిచ్చింది. ఆ బత్తాయిని తర్వాత ముప్పై ఒక్క మంది పంచుకొని తిన్నరు, ఒక్కొక్కరికి ఏమొచ్చిందో వాళ్లకే తెల్వాలె.

ఆయనది ఏ ఊరు టీచర్ అని ఎవరో అడిగితే, రూఢిగా ఎవరికి తెల్వదు, కొందరు పాట్నా దిక్కు అంటరు, కొందరు మన గోదావరి దిక్కే పుట్టిండంటరు, అని చెప్పింది. మనోడే అని పోరగాండ్లు అప్పటికప్పుడు తీర్మానం చేసేసిన్రు.

ఆ ఏడు డిసెంబర్ల, జగిత్యాలల జిల్లా సైన్స్ ఫేర్ ఉన్నదని కాయితం అచ్చింది. రజనికి ఒక ఉపాయం తట్టింది. ఆర్యభట్టు నీడతోని లెక్కలు జేసిండు గద. మీటరు పొడుగు కట్టెను నిలువుగ పాతి, మిట్ట మధ్యాహ్నం దాని నీడ కొలిస్తే, ఊరు ఎంత ఉత్తరానికి ఉన్నదో తెలుస్తది. ఎంత ఉత్తరానికి పోతే నీడ అంత పొడుగు. ఆమె క్లాసుల పదకొండు మంది తండ్రులు గల్ఫ్‌ల ఉన్నరు. దుబాయ్, మస్కట్, కువైట్, బహ్రెయిన్. వాళ్లందరితోని ఒకే వారంల నీడ కొలిపియ్యాలె. పైస ఖర్చు లేదు, ఫోన్లు ఎట్లాగు ఉన్నయి.

ఇంకోటి గూడ చెప్పింది. కట్టె చుట్టు మీటరున్నర దూరంల గుండ్రంగ గీత గియ్యాలె. పొద్దుగాల నీడ కొస గీతను ముట్టిన టైము ఒకటి, పగటీలి మల్ల ముట్టిన టైము ఒకటి రాసుకోవాలె. రెండిటి నడుమ టైమే ఆ ఊరికి అసలు మిట్ట మధ్యాహ్నం. అది ఊరు ఊరికి మారుతది. మనకంటే పడమటికి ఉన్న ఊరికి సూర్యుడు లేటుగ పోతడు, ఒక్కొక్క డిగ్రీకి నాలుగు నిమిషాలు లేటు. నీడ పొడుగు ఊరు ఎంత మీదికున్నదో చెప్తది, గడియారం ఎంత పడమటికున్నదో చెప్తది. రెండు తెలిస్తే అట్లాస్‌ల ఆ ఊరు మీద వేలు పెట్టచ్చు.

ఒక్క షరతు. కొలిచింది ఎంతుంటే అంతే రాయాలె. పక్కోనిది చూసి దిద్దొద్దు, మంచిగ కనబడాలని మార్చొద్దు. బోర్డు మీద రాసి కింద రెండు గీతలు కొట్టింది.

ఆ తండ్రులు చేసినంత సంబురంగ పిలగాండ్లు గూడ చెయ్యలే. మేస్త్రీలు, షట్టరింగోళ్లు, రాడ్ బెండర్లు. టేపు లేని మనిషి లేడు. దారానికి గుండు కట్టి కట్టె నిలువు చూసిన్రు, నీళ్ల పైపుతోని నేల మట్టం చూసిన్రు. ఆర్యభట్టు చెప్పింది గూడ అదే, దారానికి బరువు కట్టి నిలువు చూడాలె, నీళ్లతోని మట్టం చూడాలె అని. దినాం చేసే పనికి ఇంత పెద్ద పేరున్నదని వాళ్లకు ఎవ్వరు చెప్పలే. ఒకాయన క్యాంపుల ఉన్న పదిమందిని నిలవెట్టి ఫోటో దిగి పంపిండు, నడుమల కట్టె పెండ్లికొడుకు లెక్క నిలవడ్డది.

చార్టు మీద ఒక్కొక్కటి ఎక్కినయి. కోరుట్ల తొంభై ఒకటి. మస్కట్ నూట ఏడు. దుబాయ్ నూట పదమూడు. మల్లొక దుబాయ్ నూట పద్నాలుగు. బహ్రెయిన్ నూట పద్దెనిమిది. కువైట్ నూట ముప్పై రెండు. మెట్లు కట్టినట్టు ఎక్కుకుంట పోతున్నయి. రజని ఆ చార్టు ముందు నిలవడి ఉత్తగనే నవ్వుకునేది.

హన్మండ్లు మొదట తప్పించుకున్నడు. డ్యూటీ ఉన్నదన్నడు, క్యాంపుల ఎండ రాదన్నడు. సుస్మిత ఊకోలే. అందరి బాపులు పంపిన్రు, నువ్వే పంపలే అని ఫోన్‌ల ఏడ్సింది. డ్యూటీ లేని రోజు చూసి ఆయన గూడ కొలిచి పంపిండు. నీడ గీతను ముట్టింది పది గంటల ఆరు నిమిషాలకు, మల్ల మూడు గంటల ఆరు నిమిషాలకు. నడుమ టైము పన్నెండు ముప్పై ఆరు. నీడ తొంభై రెండు సెంటీమీటర్లు.

తొంభై రెండు. దుబాయ్ తొంభై రెండు.

క్లాసుల హరీశ్ అని ఒకడున్నడు. నూట పదమూడు పంపింది వాని తండ్రే. మీ బాపు టేపు తలకిందుల పట్టుకున్నడా అని సుస్మితను అడిగిండు. సుస్మిత వాన్ని గిచ్చింది. మా బాపు కొలత తప్పదురా, మీ డాడీదే తప్పు, అన్నది. మా డాడీది ఒక్కనిదే గాదు, ఇంకొకలది గూడ నూట పద్నాలుగు అచ్చింది, ఇద్దరిది తప్పా, అన్నడు వాడు. అడిగినదాంట్ల న్యాయం ఉన్నది. రజని లొల్లి ఆపుదామని, అందరి ముందట, అప్పటికప్పుడు ఫోన్ జేసి స్పీకర్ పెట్టింది. తర్వాత ఎన్ని దినాలు ఆ స్పీకర్ నొక్కిన వేలును తిట్టుకున్నదో.

"అంకుల్, మా డాడీ గూడ దుబాయ్‌లనే ఉంటడు. ఆయనది నూట పదమూడు అచ్చింది," అన్నడు హరీశ్. "మీరు కట్టె మీటరే కోసిన్రా, తక్కువ కోసిన్రా?"

క్లాసు నవ్వింది. ఫోన్ కట్ అయిందేమో అని రజని చూసింది. కాలే.

"మీటరే కోసిన బిడ్డా," అన్నడు హన్మండ్లు. కొంచెం ఆగి, సిగ్నల్ సరిగ లేదు అని పెట్టేసిండు.

సుస్మిత ఆ పొద్దుమీకి బాపుకు మెసేజ్ పెట్టింది, రేపు మల్ల కొలువు, నువ్వు సరిగ్గ కొలిచినవని హరీశ్‌గానికి చూపియ్యాలె, అని. తెల్లారి మధ్యాహ్నం జవాబచ్చింది. తొంభై రెండు.

సాంచెల సప్పుడుల పెరిగిన మనిషికి అనుమానం ఎట్ల అస్తదో చూడున్రి. చెవులకు గాదు, లెక్కల అచ్చింది. ఆటల పీరియడ్ల స్టాఫ్ రూమ్‌ల ఎవ్వరు లేరు. రజని కాయితం తీసి, ఆయన తప్పు యాడ చేసిండో పట్టుకుందామని కూసున్నది. దుబాయ్‌ల తొంభై రెండు రావాలంటే కట్టె ఎనభై ఒక్క సెంటీమీటర్లు ఉండాలె. సూది సందును ఓర్సుకోని మనిషి మీటరుకు పందొమ్మిది సెంటీమీటర్లు తక్కువ కోస్తడా? రెండుసార్లు? టైము చూసింది. దుబాయ్‌ల మిగతా ఇద్దరికి మిట్ట మధ్యాహ్నం వాళ్ల గడియారంల పన్నెండు పదిహేడుకు అయింది. ఈయనకు పన్నెండు ముప్పై ఆరుకు. నీడేమో కోరుట్ల నీడకు ఒక్క సెంటీమీటరే ఎక్కువ. ఇది దుబాయ్ గడియారం గాదు అనుకుంటే? మన గడియారమే అనుకుంటే? కోరుట్లల మనకు పన్నెండు పదమూడుకు అయింది. ఇరవై మూడు నిమిషాల తేడా. ఇరవై మూడును నాలుగుతోని భాగించింది. ఆరుకు కొంచెం తక్కువ.

అట్లాస్ ముందటేసుకొని కోరుట్ల మీదికెళ్లి పడమటికి ఆరు డిగ్రీలకు కొంచెం ఇవతల నిలువు గీత గీసింది. తొంభై రెండుకు లెక్క గట్టి అడ్డం గీత గీసింది. రెండు గీతలు సముద్రం ఒడ్డున కలిసినయి. అట్లాస్‌ల ఆడ ముంబై అని ఒక్కటే చుక్క ఉన్నది. దాని పక్కన పేరు రాయని ఊరు ఏదో సిరిసిల్ల ఆడిబిడ్డకు ఎవరో చెప్పాలెనా? ఆమె చిన్నప్పుడు గల్లీల సగం మంది మొగోళ్లు సాంచెల పనికి బస్సెక్కి పోయింది ఆడికే. భీవండి.

ఆమె పెన్సిల్ అట్లాస్ నడుమల పెట్టి మూసేసింది. గంట కొట్టిన్రు. ఆరో తరగతికి పొయ్యి కిరణజన్య సంయోగక్రియ చెప్పింది. ఏం చెప్పిందో ఆమెకు సోయి లేదు.

ఆయితారం నాడు, చార్టు సామాను కొనాలని అత్తకు చెప్పి సిరిసిల్ల బస్సెక్కింది. వీరేందర్ అన్నం తింటున్నడు. ఆమె చెప్పులు గూడ ఇడవకుంటనే అడిగింది.

"తమ్మి, మీ బావ భీవండిల ఎన్ని నెలల సంది ఉన్నడు?"

ఉన్నడా అని అడిగితే లేడని అనేటోడేమో. ఎన్ని నెలలు అని అడిగేసరికి వాని చెయ్యి కంచంల అట్లనే ఆగింది. ఎవలు చెప్పిన్రక్కా అన్నడు. ఎవ్వలు చెప్పలే, నేనే లెక్కజేసిన, అన్నది రజని.

అప్పుడు చెప్పిండు. పది నెలలైతున్నదట. పోయిన నాలుగు నెలలకే కంపెనీ మూతపడ్డది, అందర్ని ఇమానం ఎక్కిచ్చి పంపిన్రు. బొంబాయిల దిగి బావ తనకు ఫోన్ చేసిండు, రెండోసారి పొయ్యి గూడ ఒట్టి చేతులతోని కోరుట్లల ఎట్ల దిగాలె అని ఏడ్సిండు. తనే అన్నడట, భీవండిల మనోళ్లున్నరు, కొన్ని నెలలు సాంచె నడుపు, చేతిల ఇంత పడ్డంక దుబాయ్ నుంచి అచ్చినట్టే రా, అని. వాట్సాప్‌ల దుబాయ్ నంబరే ఉంచుకో అన్నది గూడ వీడే. నీ మేలుకేనక్కా అన్నడు. వాడు తినుడు ఆపిండని చూసి, తిను, అన్నం సల్లారుతది, అన్నది రజని.

బయటికస్తుంటే పక్కింటి సమ్మవ్వ ఇంటి ముందటి గద్దె మీద కూసోని ఉన్నది. ఆమె కొడుకు గూడ భీవండిలనే, అదే కార్ఖానల. రజనిని చూసి, మీ ఆయనకు దగ్గు తగ్గిందా బిడ్డా, మా వోడు మందులు తెచ్చిచ్చిండంట గద, అని అడిగింది. పాపం, ఆమెకు ఏం ఎరుక. దగ్గు సంగతి గల్లీకి తెలుసు, పెండ్లానికి తెల్వదు. తగ్గింది అవ్వా అని చెప్పి రజని ముందుకు నడిసింది.

సిరిసిల్ల బస్టాండ్ల నిలవడి హన్మండ్లుకు ఫోన్ చేసింది. ఇట్ల తెలిసింది అని చెప్పింది. ఆమెకు కోపం అన్నిటికంటే ఒకదానికి ఎక్కువ అచ్చింది, అదే అడిగింది. హరీశ్ క్లాసుల నూట పదమూడు అని చెప్పనే చెప్పిండు. రెండోసారి అదే చెప్తే అయిపోయేది గద. మల్ల తొంభై రెండని ఎందుకు పంపినవ్?

"బిడ్డ అడిగింది కొలత," అన్నడు హన్మండ్లు. "కొలత ఎట్ల అబద్ధం చెప్త?"

రజనికి నవ్వాల్నో ఏడువాల్నో తెల్వలే. ఇంటికి రమ్మన్నది. రానన్నడు. అమ్మకు ఏమని చెప్పాలె, వాడకట్టుల ఎట్ల తిరగాలె, అన్నడు. చార్టు మీద మాత్రం నువ్వే నూట పదమూడు రాసేయ్, నేను నోటితోని చెప్పలేను, నువ్వు రాస్తే రాయి, బిడ్డ పరువు పోవద్దు, అన్నడు.

తెల్లారి కరస్పాండెంట్ సార్ గూడ అదే మాట అన్నడు, వేరే సంగతి కోసం. చార్టు మంచిగున్నది మేడం, గా ఒక్కటి దిద్దున్రి, ప్రైజ్ పోతది. ఎవ్వరు వచ్చి దుబాయ్‌ల కొలువరు గద. రజని రబ్బరు చేతిల పట్టుకొని చార్టు ముందట నిలవడ్డది. పన్నెండేండ్ల సంది పిలగాండ్లకు చెప్పిన ఒక్క మాట బోర్డు మీద ఇంకా తుడవకుంట ఉన్నది. నూట పదమూడు రాస్తే మొగని పరువు నిలుస్తది, టీచర్ది పోతది. తొంభై రెండు ఉంచితే జగిత్యాలల అందరి ముందు బిడ్డను నిలదీస్తరు, మీ నాన్న ఎందుకు తప్పు కొలిచిండమ్మా అని. ఆఖరికి ఆ వరుసనే తీసేద్దామనుకున్నది.

ఇంటికాడ సుస్మిత ఒప్పుకోలే. ఎందుకు తీసెయ్యాలె, కొలిచిందే రాయాలని నువ్వే అన్నవ్ గద, మా బాపుదే ఎందుకు తియ్యాలె, అని కండ్లనీళ్లు పెట్టుకున్నది. రజని ఇడమర్చి చెప్దామని నోరు తెరిసింది. ముప్పై ఒక్క మందికి గ్రహణం ఇప్పి చెప్పిన మనిషికి, కన్నబిడ్డకు ఇది చెప్పరాలే. అట్లాస్ తెచ్చి ముందటేసింది. తాను గీసిన గీతలు రబ్బరుతోని తుడిసింది. తొంభై రెండు, పన్నెండు ముప్పై ఆరు, అని కాయితం మీద రాసి, దుబాయ్ అని మరిసిపొయ్యి చెయ్యి, ఇది ఏ ఊరో కనుక్కో, అని పెన్సిల్ చేతికిచ్చింది.

పిల్ల తెలివైంది. చానాసేపు పట్టలే. రెండో గీత సగందాక గీసి చెయ్యి మెల్లగైంది.

"ఇది బొంబాయి దిక్కు గదమ్మా," అన్నది.

రజని తల ఊపింది. నాయినమ్మకు ఎరుకనా అని అడిగింది పిల్ల. లేదు అన్నది. వీరేందర్ మామకు? ఎరుకే. నీకు? మొన్ననే. పిల్ల పెన్సిల్ మల్ల ఆనిచ్చింది. గీత మిగిలింది సగం గీసింది. గీసేదాన్ని సగంల ఇడిసే పిల్ల గాదు.

జగిత్యాలల ఫేర్ నాడు హాలు కిక్కిరిసి ఉన్నది. చార్టు చుట్టి సుస్మితనే పట్టుకచ్చింది, తల్లి చేతికి ఇయ్యలే. గోడకు అంటిచ్చినంక చూస్తే బాపు వరుస తీసెయ్యలే. తొంభై రెండు అట్లనే ఉన్నది. దుబాయ్ అన్న కాడ మాత్రం తెల్ల కాయితం అతికిచ్చి, గుండ్రటి అచ్చరాలతోని భీవండి అని రాసి ఉన్నది. ఆ వరుసను కోరుట్ల పక్కకు జరిపి, మస్కట్ కంటే ముందు పెట్టింది. ఇప్పుడు మెట్లన్ని సరిగ్గ ఉన్నయి.

జడ్జి సార్ పెద్దమనిషి, కండ్లద్దాలు మీదికనుకుంట చదివిండు. అన్ని గల్ఫ్ ఊర్లే ఉన్నయి, నడుమల ఈ భీవండి ఏందమ్మా అని అడిగిండు.

"ఆడ మా బాపు ఉంటడు సార్," అన్నది సుస్మిత. "సాంచె నడుపుతడు."

పక్కన హరీశ్ నోరు తెరిసి చూసిండు. ఎనుక కోరుట్ల నుంచి అచ్చిన తల్లిదండ్రులు నలుగురున్నరు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నరు. జడ్జికి ఇవేం తెల్వదు. ఇది ఉంటెనే లెక్క గట్టిగైంది, మంచిగ కొలిచిండు మీ నాన్న, అని రాసుకొని పోయిండు. మూడో బహుమతి అచ్చింది. కరస్పాండెంట్ సార్ ఫోటో దిగిండు.

కోరుట్ల బస్సుల తల్లీబిడ్డలు పక్కపక్కన కూసున్నరు. ముచ్చట వాళ్లకంటే ముందే కోరుట్లకు, ఆడికెళ్లి భీవండికి చేరినట్టున్నది. మేడిపల్లి దాటకముందే ఫోన్ మోగింది. బిడ్డ నా పేరు చెప్పిందట గదా అన్నడు హన్మండ్లు. ఒక్కసారి ఇయ్యి అన్నడు. రజని ఫోన్ పిల్ల చేతికి ఇయ్యబోయింది. సుస్మిత తీసుకోలే, కిటికీ దిక్కు తిరిగింది.

"కొలిచింది సరిగ్గనే కొలిచిండు," అన్నది మెల్లగ. "ఊరే తప్పు చెప్పిండు."

ఫోన్‌ల వినబడిందో లేదో. నిద్రపోయింది అని చెప్పింది రజని. పన్నెండేండ్ల పిల్ల పగటీలి మూడింటికి బస్సుల నిద్రపోదని ఆయనకు తెల్వదా. మంచిది, పండనియ్యి, అన్నడు.

ఇంటికచ్చేసరికి బాలమ్మ బీడీల చాట పక్కకు పెట్టి కూసున్నది. ఎవ్వలో చెప్పి పోయిన్రు. తిడ్తదేమో, ఏడుస్తదేమో అని రజని బుగులుపడ్డది. ముసల్ది ఒక్కటే అడిగింది, ఆడ వాడు అన్నం ఎవలకాడ తింటున్నడు, అని. రజనికి అది గూడ తెల్వదు. ఆ మాట చెప్పుడు అన్నిటికంటే కష్టమైంది.

నెలన్నరకు అచ్చిండు హన్మండ్లు. దుబాయ్ నుంచి అచ్చేటోళ్లు కారు మాట్లాడుకొని, మీద తాళ్లు కట్టిన డబ్బాలతోని దిగుతరు. ఈయన ఒక్క సంచితోని బస్టాండు నుంచి నడిసి అచ్చిండు, పొద్దుగాల, అందరు పనుల మీద ఉండే టైము చూసుకొని. బక్కగైండు, గడ్డం తెల్లబడ్డది. బాలమ్మ కొడుకు చెంపలు నిమిరి లోపటికి పోయింది. సుస్మిత బడికి తయారై ఉన్నది. చెంబుతోని నీళ్లు తెచ్చి ఇచ్చింది.

చార్టు ముందటి అర్రల గోడకు ఉన్నది. ఆయన నీళ్లు తాగి, లేసి పొయ్యి దాని ముందు నిలవడ్డడు. ఒక్కొక్క వరుస వేలుతోని చదువుకుంట పొయ్యి, తన దాని మీద ఆగిండు. అతికిచ్చిన తెల్ల కాయితం అంచు కొంచెం లేసింది, బొటనవేలుతోని ఒత్తిండు.

"కొలత సరిగ్గనే అచ్చింది గద బిడ్డా," అన్నడు.

"సరిగ్గనే అచ్చింది," అన్నది సుస్మిత.

ఇంకేమన్న అంటదేమో అని ఆయన గోడ దిక్కే చూసుకుంట నిలవడ్డడు. బాపు అని ఒక్క మాట కోసం. పిల్ల సంచి భుజానికేసుకొని చెప్పులు తొడుక్కున్నది. పోయొస్త అని తల్లికి చెప్పి గడప దాటింది. ఆయన ఎనుకకు తిరిగేసరికి గల్లీ మలుపు తిరిగిపోయింది.

రజనికి గూడ ఫస్టు పీరియడ్ టైమైంది. బడికి ఫోన్ జేసి, ఇయ్యాల రాలేను అని చెప్పింది. కారణం అడిగితే, మా ఆయన భీవండి నుంచి అచ్చిండు, అన్నది. తర్వాత పొయ్యి మీద నీళ్లు పెట్టింది, తానం చేస్తడని.